కళింగర తోటలో ఎర్ర దారం, తెల్ల దారం: గార్లదిన్నె మండలంలో ఒక తేనెటీగల కేసు

2023 ఫిబ్రవరి మూడో వారం. అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలోని ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, విత్తనం ముంచేసింది. పూత బాగానే ఉంది, పిందె నిలబడ్డం లేదు. మీరొచ్చి చూసి ఒక ముక్క రాసిస్తే కంపెనీ మీద కేసేస్తాం" అన్నాడు రైతు. ఆయనతో కలిపి ఏడుగురు, మొత్తం పధ్నాలుగు ఎకరాల కళింగర, అంటే పుచ్చకాయ తోట. ఒకే విత్తనం, ఒకే వారంలో నాట్లు. మల్చింగ్ షీటు, డ్రిప్పు, అప్పు, మూడూ అందరికీ ఉన్నాయి. ఆ ఏడాది రంజాన్ నెల మార్చి ఆఖరి వారంలో మొదలవుతుంది కాబట్టి, కాయ అప్పటికి మార్కెట్లో పడాలని సంక్రాంతికి అటూ ఇటూగా వేశారు.

కేసులోకి పోయే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు చిన్న రైతులకు పంట సలహాలు చెబుతున్నాను గానీ, అంతకుముందు పదకొండేళ్లు పురుగుమందుల అంగట్లో పని చేశాను. లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో నోటికొచ్చు. ఎన్ని గంటలకు కొట్టాలో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పదకొండు గంటలకు పోతే ఏం కనిపిస్తుంది

మొదటిసారి నేను తోటకు చేరేసరికి పదకొండు దాటింది. అదే తప్పు. కళింగర పువ్వు తెల్లవారాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మళ్లీ విచ్చుకోదు. పదకొండుకు పోతే వాడిన పూలు, ఎండ తప్ప ఏమీ ఉండవు. తేనెటీగలు ఉన్నాయా లేవా అనేది ఆ టైమ్‌లో తేలదు.

కాయలు మాత్రం కొంత చెప్పాయి. పిందెలు చాలావరకు పసుపు తిరిగి రాలుతున్నాయి. నిలిచిన వాటిలో కొన్ని తొడిమ వైపు గుండ్రంగా ఉండి పువ్వు వైపు సన్నబడ్డాయి, కొన్ని ఒక పక్క ఉబ్బి ఒక పక్క అణిగాయి. ఒకదాన్ని కోసి చూస్తే అణిగిన పక్క గింజ సరిగ్గా పట్టలేదు. అప్పుడే అనుమానం వచ్చింది. విత్తనం మంచిది కాకపోతే తీగ తీగకూ తేడా కనిపించాలి. ఇక్కడ ఒకే తీగ మీద మంచి కాయ ఒకటి, వంకర కాయ రెండు ఉన్నాయి.

కళింగరలో మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగిరేది కాదు. ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఆడ పువ్వు మధ్యలో ఉండే కీలాగ్రానికి మూడు పాయలు. మూడింటికీ పుప్పొడి సమంగా అంటితేనే కాయ గుండ్రంగా తిరుగుతుంది. ఈగ ఒక్కసారి వాలితే చాలదు, ఆ ఒక్క పూటలోనే కనీసం ఎనిమిది సార్లు వాలాలి. అంటే ఒకటీ అరా ఈగలతో అయ్యే పని కాదు.

రైతులకు ఈ పాఠం చెబితే వినరు. నేనైనా వినను. అందుకే దారం పరీక్ష పెట్టాం.

మర్నాడు ఆరున్నరకే తోటలో ఉన్నాం. అప్పుడే విచ్చుకున్న ఆడ పూలు ఇరవై ఎంచుకుని, మగ పువ్వు తెంపి, దాని రెక్కలు తీసేసి, పుప్పొడిని మూడు పాయలకూ మెల్లగా అద్దాం. వాటి తొడిమలకు ఎర్ర దారం. పక్కనే ఉన్న ఇంకో ఇరవై పూలకు తెల్ల దారం కట్టి, వాటిని ముట్టుకోకుండా ప్రకృతికి వదిలేశాం. దారం కూడా కొనలేదు, రైతు భార్య పూలు కట్టే దారాన్నే సగం కుంకుమ నీళ్లలో ముంచి ఇచ్చింది. తర్వాత ఒక సాలు పక్కన అరగంట కూర్చుని పూల మీద వాలేవాటిని లెక్కపెట్టాను. చిన్న తేనెటీగ ఒకటి, నల్ల తుమ్మెద ఒకటి, మామూలు ఈగలు రెండు. అంతే.

ఆరో రోజు పోయి చూస్తే ఎర్ర దారం కట్టినవాటిలో మూడొంతులు దాకా నిలబడి, నిమ్మకాయంత పిందెలై ఉన్నాయి. తెల్ల దారంవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకే తోట, ఒకే విత్తనం, ఒకే నీళ్లు. రైతు రెండు దారాలూ మార్చి మార్చి చూసి, "అయితే కేసు లేదన్నమాట" అన్నాడు. నిజంగానే నిరాశ పడ్డాడు.

ఇలాంటి పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. కళింగర, కర్బూజ, గుమ్మడి, సొర, బీర, దేనికైనా పనికొస్తుంది. బీర, సొర రకాలు సాయంత్రం పూస్తాయి కాబట్టి టైమ్ మాత్రం మార్చుకోవాలి. మిద్దె మీద సొరతీగ పెంచుకుని పిందె రాలిపోతోందని నర్సరీకి పోయి మందు అడిగేవాళ్లు ముందు ఈ దారం కట్టి చూడండి.

ఆ సీజన్ గట్టెక్కిన తీరు

మిగిలిన పూతనైనా కాపాడుకోవాలని పది రోజులు ఆడ కూలీలతో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా చేత్తో పుప్పొడి అద్దించాం. కాయ కొంత నిలిచింది. కూలి లెక్క చూశాక ఎవరి మొహంలోనూ కళ లేదు.

ఇద్దరు రైతులు ఇంకో దారి పట్టారు. తేనె పెట్టెలు తిప్పుకునే ఒకాయన్ని పట్టుకుని పది పెట్టెలు అద్దెకు దించారు. అవి యూరప్ జాతి ఈగలు. 1962లో హిమాచల్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో మొదటిసారి మన దేశంలో నిలదొక్కుకుని, అక్కడి నుంచి దేశమంతా పాకిన జాతి. మూడు రోజులు బాగా తిరిగాయి. నాలుగో రోజు పొద్దున ఎనిమిదికి పక్క తోటలో తామర పురుగుకు మందు కొట్టారు. మధ్యాహ్నానికి పెట్టెల ముందు చచ్చిన ఈగలు దోసిళ్లతో ఎత్తేంత ఉన్నాయి. పెట్టెలాయన రైతులతో గొడవ పడి, రాత్రికి రాత్రే పెట్టెలు బండికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టలేను.

తేనెటీగలను కాపాడాలి అనగానే జనానికి మొదట పెట్టె గుర్తొస్తుంది. నాకూ అంతే. ఆ నాలుగో రోజు తర్వాత నా అభిప్రాయం మారింది. ఊళ్లోని ఈగ బతకలేని చోట కొనుక్కొచ్చిన ఈగ కూడా బతకదు. పెట్టెకు ఓనరు ఉంటాడు కాబట్టి ఎత్తుకుపోతాడు, కంపలో ఉన్న చిన్న తేనెటీగను ఎవరు ఎత్తుకుపోతారు?

ఊరి ఈగలు ఏమయ్యాయి

ఇది కనుక్కోవడానికి నాకంటే తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది. పక్క ఊళ్లో తేనె తీసే ఒకన్న ఉన్నాడు. రెండు రోజులు ఆయన వెంట తిరిగాను. మా ప్రాంతంలో తేనెటీగలు ఎన్ని రకాలో ఆయన చూపిస్తూ పోయాడు. పెద్ద తేనె అనే ఈగ ఎత్తైన మర్రికి, నీళ్ల ట్యాంకుకు, పాత దిగుడుబావి రాతి వంపు కింద ఒకే ఒక్క పెద్ద తుట్టె వేలాడదీస్తుంది. ఏడాదంతా ఒకచోట ఉండదు, కాలాన్ని బట్టి వలస పోతుంది, వచ్చిన చోటికే మళ్లీ వస్తుంది. చిన్న తేనె కంపలో, కంచెలో, ఒక కొమ్మ చుట్టూ అరచేయంత తుట్టె కడుతుంది. సాధువు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండేది ఇంకోటి. ఇవి కాక గుంపుగా ఉండని ఈగలు బోలెడు. నేలలో బొరియ చేసుకునేవి, ఎండిన ఆముదం కాడలో గుడ్లు పెట్టేవి, కంది ఆకును గుండ్రంగా కత్తిరించుకుని పోయేవి. ఆ కత్తిరించే ఈగను నేను అంగట్లో ఉన్నన్నాళ్లూ పురుగు అనుకుని దానికీ మందు ఇచ్చాను.

"పెద్ద తేనె ట్యాంకు కింద ఉండేది సార్. దసరాకు కాల్చేసినారు" అన్నాడాయన. 2022 అక్టోబర్‌లో ట్యాంకు దగ్గర ఒకరిద్దరికి కుట్టాయని, పక్కనే బడి ఉందని, ఎవరినో పిలిపించి డీజిల్ కాగడాతో రాత్రిపూట కాల్పించారట. అది మొదటి దెబ్బ.

రెండోది కంచెలు. కంప కొట్టేసి ఇనుప తీగ లాగారు. చిన్న తేనె ఎక్కువగా గూటికి కిలోమీటరు లోపే తిరిగే ఈగ. తోట గట్టున కంచె పోతే తోటలో ఆ ఈగ కూడా పోయినట్టే. సర్కారు తుమ్మ గురించి ఇక్కడ ఒక మాట. దాన్ని తిట్టని రైతు లేడు, నేను కూడా తిడతాను. కానీ వాన లేని ఏట్లో కూడా పూసే చెట్టు అది. శెనక్కాయ పీకేసి, కంది కూడా అయిపోయాక, కళింగర పూసేదాకా ఊరి చుట్టూ ఈగ నోటికి దొరికేది ఆ కంప పువ్వే. బొగ్గుబట్టీల కోసం దాన్ని మొదలంటా నరికేస్తే ఆ రెండు నెలలు ఈగకు పస్తే.

మూడోది మందు కొట్టే వేళ. అసలు కథ ఇక్కడే ఉంది.

పొద్దున పంపు, సాయంత్రం పంపు

ఊళ్లో మందు కొట్టేది ఇద్దరు ముగ్గురు మనుషులే. వీపున వేసుకునే తైవాన్ ఇంజను పంపు వాళ్లదే, రోజు కూలికి వస్తారు. ఎండెక్కకముందే పని ముగించాలని ఆరున్నరకు మొదలుపెట్టి పదికల్లా దించేస్తారు. కళింగర పువ్వు విచ్చుకుని ఉండేది సరిగ్గా అప్పుడే. ఈగ వచ్చేదీ అప్పుడే. సాయంత్రం కొట్టమంటే రైతు ఊ అంటాడు, పంపు మనిషి ఒప్పుకోడు. సాయంత్రం రెండు గంటల పనికి ఒక రోజంతా చెడగొట్టుకోవాలి, పైగా చీకటి పడితే పాముల భయం. ఇది అవగాహన లేక వచ్చిన సమస్య కాదు, కూలి లెక్కతో వచ్చింది. గోడ మీద తేనెటీగ బొమ్మ వేసి నినాదం రాస్తే తీరదు.

నాలుగైదు సార్లు కూర్చుని మాట్లాడాక కుదిరింది ఏమిటంటే, రోజు కూలి మానేసి, మందు నింపి కొట్టిన ఒక్కో పంపుకు ఇంత అని లెక్క. సాయంత్రం ఐదు తర్వాత కొడితే పంపుకు కొంచెం ఎక్కువ. ఇద్దరు రైతులు ఒకే సాయంత్రం కొట్టించుకుంటే పంపు మనిషికి గిట్టుబాటు. తలకు కట్టుకునే లైటు, మోకాలి దాకా బూట్లు రైతులే కలిసి కొనిచ్చారు. ఈ ఏర్పాటుకు నాకు పట్టిన టైమ్ మిగతా అన్ని పనులకూ కలిపి పట్టలేదు.

సాయంత్రం కొడితే అయిపోతుందా అంటే, సగమే అవుతుంది. కొన్ని మందులు రాత్రికి ఆరి, పొద్దుటికి జోరు తగ్గుతాయి. ఫిప్రోనిల్ లాంటివి రోజుల తరబడి చంపుతూనే ఉంటాయి. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ లాంటివి మొక్క లోపలికి పోయేవి. ఆకు మీద కొట్టినా, డ్రిప్పులో వేరుకు వదిలినా పువ్వులోని తేనెలోకి, పుప్పొడిలోకి చేరతాయి. అప్పుడు పొద్దున సాయంత్రం తేడా ఏముంది? ఈగకు ఇచ్చే తిండిలోనే విషం ఉంది. ఈ రెండింటినీ, ఇదే కుటుంబంలోని క్లోథయానిడిన్‌నూ యూరోపియన్ యూనియన్ 2018లో బయటి పొలాల్లో వాడకుండా ఆపేసింది. మన దగ్గర ఆకుముడతకు మొదట చేతికొచ్చేవి ఇవే. నేను అమ్మినవీ ఇవే.

అందుకని రెండు మాటలు అనుకున్నాం. మొదటి మగ పువ్వు కనిపించిన రోజు నుంచి పిందె కట్టేదాకా ఈ రకం మందులు పొలంలోకి రాకూడదు, డ్రిప్పులో అసలే వద్దు. కొట్టక తప్పనిది ఏదైనా సాయంత్రమే. తామర పురుగుకు నీలం, పసుపు జిగురు అట్టలు, వేపనూనె, గట్టు చుట్టూ మూడు సాళ్లు జొన్న. పండు ఈగకు, దాన్ని వాసనతో లాగే క్యూలూర్ ఎర బుట్టలు. జొన్న పుప్పొడి కోసం కూడా ఈగలు వస్తాయి కాబట్టి జొన్న మీద కూడా పొద్దున మందు పడకూడదని రెండోసారి గుర్తు చేయాల్సి వచ్చింది.

ట్యాంకు కింద తుట్టె మళ్లీ దిగింది

2023 నవంబర్‌లో పెద్ద తేనె మళ్లీ అదే ట్యాంకుకు వచ్చింది. నాకు సంతోషం, పంచాయతీ వాళ్లకు టెన్షన్. బడి వాళ్లది ఇంకా పెద్ద టెన్షన్, దాన్ని కొట్టిపారేయలేం. వందల ఈగలు ఒకేసారి కుడితే మనిషి ప్రాణానికే ముప్పు. కొందరికి ఒక్క కాటుకే మొహం వాచి ఊపిరాడకపోవచ్చు, అప్పుడు పసరులు పూస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ భయాన్ని తక్కువ చేసి మాట్లాడేవాడి మాట ఊళ్లో ఎవరూ వినరు.

తేనె తీసే అన్నను బడికి తీసుకుపోయాం. ఆయన పిల్లలకు చెప్పినవి నాలుగే మాటలు. తుట్టె మీదికి రాయి విసరొద్దు. దాని కింద పొగ పెట్టొద్దు. ఒకటి కుడితే అక్కడే నిలబడి చేతులతో కొట్టొద్దు, మొహం కప్పుకుని ఇంట్లోకో గదిలోకో దూరాలి. ముల్లు దిగితే గోరుతో గీకి తీసేయాలి, ఆలస్యం చేయొద్దు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కుట్టిన ఈగ దగ్గర మాగిన అరటిపండు వాసన వస్తుంది, ఆ వాసనకే మిగతావి ఎగబడతాయి. పుస్తకాల్లో ఉన్న మాటే అది, ఆయన చదివింది కాదు.

ట్యాంకు మెట్లకు తాడు కట్టి మూసేశారు. నీళ్లు వదిలే మనిషి చీకటితోనే వచ్చి వాల్వు తిప్పిపోయేవాడు. మధ్యలో ఒకరోజు ట్యాంకు దగ్గర నిలబెట్టిన తెల్ల కారు నిండా పసుపు చుక్కలు పడ్డాయి. పెద్ద తేనె ఈగలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచి మలం విడుస్తాయి, దానివల్ల. కారు ఓనరు ఊళ్లో పెద్దమనిషి. ఆ రోజు తుట్టె కాల్చేదాకా పోయింది వ్యవహారం. కారు కడిగించి, వేపచెట్టు కిందికి మార్పించి సర్దిచెప్పాం. ఆ సీజన్ మొత్తంలో కుట్టించుకుంది ఇద్దరే. వాళ్లలో ఒకడు రాయి వేసిన కుర్రాడు.

మార్చి ఆఖర్లో ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున చూస్తే ఈగలు లేవు, ఖాళీ మైనపు తుట్టె వేలాడుతోంది. ఎవరూ తరమలేదు.

గోనెపట్ట, ధనియాలు, బకెట్ తేనె

మిగతావి చిన్న పనులు. గొడ్ల తొట్టి దగ్గర ఒక పెద్దమ్మ తడి గోనెపట్ట అంచు మీద వేసి, ఒక కొన నీళ్లలో ఉండేలా వదిలింది. తొట్టిలో పడి చచ్చే ఈగలను చూసి తానే అనుకుని చేసిన పని, నేను చెప్పింది కాదు. ఎండాకాలంలో ఈగలు నీళ్లు మోసి తుట్టె మీద చిలకరించి, రెక్కలతో విసురుకుని చల్లబరుచుకుంటాయి. లోతు నీళ్లలో నిలబడలేవు. తడి గోనె మీద వరసగా వాలి పీల్చుకుంటాయి. టౌన్‌లో మా ఇంటి మిద్దె మీద ఇప్పుడు పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తున్నాం. నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి, లేదంటే దోమలకు పెట్టినట్టవుతుంది.

పూలకు గట్ల మీద అలసంద, నువ్వులు, నాలుగు సాళ్లు ధనియాలు. ధనియా పూతలో ఉంటే దాని మీద ఈగల రొద దూరానికే వినిపిస్తుంది. ఇళ్ల దగ్గర తులసి, మునగ. కుంట పక్కన కంప ఏప్రిల్ దాకా నరకొద్దని ఒప్పందం, దాన్ని సగం మంది పాటించారు.

టౌన్ వాళ్లు చేయగలిగింది ఇంకొకటి ఉంది. రోడ్డు పక్కన బకెట్లో తుట్టె పెట్టుకుని కళ్ల ముందే పిండి ఇస్తుంటే అది స్వచ్ఛమైన తేనె అని కొంటారు. పెద్ద తేనె తుట్టెలో తేనె ఉండేది పైభాగంలో ఒక పక్కన. మిగతాదంతా పిల్ల పురుగులు. తెలిసినవాడు తేనె ఉన్న ముక్క మాత్రం కోసి మిగతాది వదిలేస్తాడు, ఈగలు మళ్లీ కట్టుకుంటాయి. తొందరపడేవాడు మొత్తం దించేస్తాడు. బకెట్లో తుట్టె మొత్తం, తెల్లటి పిల్లలతో సహా కనిపిస్తే కొనకండి. కాగడా పట్టేవాడికి డబ్బులిస్తున్నది మనమే.

2024లో ఏం జరిగింది

ఆ ఏడాది రంజాన్ ముందుకు జరిగి మార్చి 12న మొదలైంది. డిసెంబర్ ఆఖరికే నాట్లు పడ్డాయి. జనవరి నెలాఖరులో నేను మళ్లీ పొద్దున అదే సాలు పక్కన అరగంట కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాల్లోనే లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పెద్ద తేనె, చిన్న తేనె రెండూ ఉన్నాయి. కంచెలు మిగిలిన వైపు చిన్న తేనె గూళ్లు నాలుగు దొరికాయి. మళ్లీ రెండు దారాలూ కట్టాం. ఈసారి ఎర్ర దారానికీ తెల్ల దారానికీ పెద్దగా తేడా లేదు.

దిగుబడి లెక్క మాత్రం ఇక్కడ రాయను. విత్తనం మారింది, నాటిన నెల మారింది, ఇద్దరు రైతులు ఎరువు మార్చారు. పెరిగిందంతా ఈగల ఖాతాలో వేస్తే అబద్ధం అవుతుంది. దారం చెప్పిందే చెబుతాను.

కుదరనివి కూడా ఉన్నాయి. ఏడుగురిలో ఇద్దరు డ్రిప్పులో మందు వదలడం మానలేదు, ఒకాయన నాకు తెలియకుండా, ఒకాయన తెలిసే. పెద్ద తేనె కొన్ని కిలోమీటర్లు పోయి మేసే ఈగ, పక్క ఊళ్లో పొద్దున పంపు తిరుగుతూనే ఉంది. దొరికిన నాలుగు గూళ్లలో ఒకటి ట్రాక్టరుతో గట్టు చదును చేస్తున్నప్పుడు పోయింది. ఆ ట్రాక్టరు ఓనరు మా ఏడుగురిలో ఒకడే. "కనపళ్లేదు సార్" అన్నాడు. ఆకుల మధ్య అరచేయంత గూడు, నిజంగానే కనపడదు. ఇప్పుడు గూడున్న కొమ్మకు ఎర్ర దారం కడుతున్నాం.